నానమ్మ పిండి మూట

మా నానమ్మ రిసార్ట్ గేటు దగ్గర పిండి మూట మీద కూర్చుని ఇక లేవనంది.

"లోపల అన్నీ ఉన్నాయి నానమ్మా. తిండి, తాగుడు, పడవ షికారు, అన్నిటికీ ముందే కట్టేశాం," అని బతిమాలాను.

"అన్నీ ఉంటే పెళ్ళి రొట్టె కూడా ఉందా? ఉంటే ఎవరు కలిపారు? ఆ కలిపిన పిల్లకి పెళ్ళయిందా? అమ్మానాన్నా ఉన్నారా?"

రొదోపి కొండల్లోని మా ఊళ్ళో పెళ్ళి రొట్టె పిండిని పెళ్ళికాని పిల్ల కలపాలి. ఆమె తల్లిదండ్రులిద్దరూ బతికుండాలి. అలాంటి రొట్టె లేకపోతే నానమ్మ దీవెన లేదు. నానమ్మ దీవించకపోతే పెళ్ళికి నిలబడనని మా చెల్లెలు ఎలిత్స పొద్దుటి నుంచి ఫోన్లో ఏడుస్తోంది. మా ఇద్దర్నీ అమ్మ కంటే ఎక్కువగా పెంచింది ఆవిడే. జర్మనీలో ఉండే పెళ్ళికొడుకు చుట్టాలందరికీ వీలుగా ఉంటుందని ఈ నల్ల సముద్రం ఒడ్డున పెళ్ళి పెట్టుకుంటే, ఇప్పుడు అంతా గేటు దగ్గరే ఆగిపోయేలా ఉంది.

అప్పుడొచ్చింది దెనిత్స. తెల్ల చొక్కా, నల్ల గొడుగు, నవ్వుదామా వద్దా అని ఆలోచిస్తున్న కళ్ళు. అక్కడ జరిగే పెళ్ళిళ్ళన్నీ ఆమే చూసుకుంటుంది.

"బయటి తిండి లోపలికి రాకూడదండీ," అంది నాతో. తర్వాత నానమ్మ దగ్గరికి వంగి, అతిథులందరికీ కట్టే నీలం పట్టీ చూపించింది. "ఇది చేతికి కట్టుకుంటే లోపల ఏం కావాలన్నా అడగొచ్చు బామ్మా."

"మా ఊళ్ళో దూడలకి కూడా ఇలాగే ఏదో ఒకటి తగిలిస్తారు," అంది నానమ్మ.

"దూడలకి ఐస్‌క్రీం ఇవ్వరు కదా."

నానమ్మ నోరు మూతపడటం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. సంతోషం పట్టలేక నవ్వేశాను. దెనిత్స నా వైపు చురుగ్గా చూసింది.

"మీరు నవ్వడానికొచ్చారా, మోయడానికొచ్చారా?"

ఇంతలో వాన మొదలైంది. దెనిత్స గొడుగు తెరిచింది. నానమ్మ మీద పట్టలేదు, నా మీద అసలే పట్టలేదు. పిండి మూట మీద పట్టింది. నానమ్మ ఆమెని ఎగాదిగా చూసింది.

"రూలు వండిన తిండికే," అంది దెనిత్స తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. "పిండి వండింది కాదుగా. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లో ఒక పొయ్యి ఖాళీగా ఉంటుంది. పెద్ద వంటాయనతో నేను మాట్లాడతాను. ముందు మూట తడవకుండా లోపలికి పదండి."

మూట నా వీపు మీదికెక్కింది. గొడుగు మూట మీదే ఉంది. నేను మాత్రం వంటింటి దాకా తడుస్తూనే నడిచాను. ఎందుకో అది అంత బాధగా అనిపించలేదు.

వంటింట్లో మరో చిక్కు ఎదురుచూస్తోంది. రొట్టె కలపాల్సిన మా బాబాయి కూతురు రద్కా, పొద్దున వచ్చీరాగానే ఈత కొలను దగ్గర కాలుజారి పడి, చేతికి సిమెంటు కట్టుతో నిలబడి ఉంది.

"కొలను చూడ్డం ఇదే మొదటిసారా నీకు?" అన్నాను.

"నువ్వు మూసుకో అన్నయ్యా," అంది రద్కా, ఏడుపు గొంతుతో.

నానమ్మ చుట్టూ చూసింది. చూపు దెనిత్స మీద ఆగింది.

"నీకు పెళ్ళయిందా అమ్మాయ్?"

"లేదు బామ్మా."

"అయితే చేతులు కడుక్కో."

దెనిత్స చొక్కా చేతులు మడిచింది. పిండి జల్లించింది, మధ్యలో గుంట చేసింది, గోరువెచ్చటి నీళ్ళు పోసి కలపడం మొదలుపెట్టింది. ముక్కు మీద పిండి అంటింది. చెబుదామనుకున్నాను, చెబితే తుడిచేసుకుంటుందని ఊరుకున్నాను. సగం కలిపాక ఆమె చేతులు ఆగిపోయాయి.

"బామ్మా, మీరు రెండో మాట అడగలేదు. మా నాన్న లేరు. మొన్న వసంతంలో పోయారు." తల దించుకునే చెప్పింది. "ముందే చెప్పాల్సింది. మీ వాళ్ళ మొహాలు చూసి చెప్పలేకపోయాను. ఈ పిండి పనికిరాదు కదా?"

మరో పిల్లని వెతకడానికి టైము లేదు. చెల్లెలి పెళ్ళంతా ఆ పళ్ళెంలో ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు చెల్లెలు గుర్తు రాలేదు. ఆ పిల్ల చేతులు అలా పిండిలో నిలిచిపోవడం చూడలేకపోయాను.

నానమ్మ దగ్గరికెళ్ళింది.

"ఆయన పోయేటప్పుడు నువ్వు పక్కనున్నావా?"

"ఉన్నాను. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"అయితే ఆయనా ఇక్కడే ఉన్నట్టు," అంది నానమ్మ. "ఆ చేత్తో కాస్త గట్టిగా ఒత్తి కలుపు. పిండి బిరుసుగా ఉంది."

అని పొయ్యి చూసే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. దెనిత్స ఏడుస్తూనే కలిపింది. నేను పక్కన నిలబడి, అడగకుండానే నీళ్ళు పోస్తూ ఉన్నాను.

సాయంత్రానికి వాన వెలిసింది. రొట్టె మీద పిండితో చేసిన రెండు పిట్టలు, వాటి మీద తేనె మెరుపు. నానమ్మ ఆ రొట్టెని పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల తలల మీద పట్టుకుంది. ఇద్దరూ చెరో వైపు లాగారు. ఎవరికి పెద్ద ముక్క వస్తే ఇంట్లో వాళ్ళ మాటే చెల్లుతుందంటారు. ఎలిత్సకే పెద్దది వచ్చింది. పెళ్ళికొడుకు పాపం, ఓడినందుకు చప్పట్లు కొట్టాడు. నానమ్మ ఇద్దర్నీ ముద్దు పెట్టుకుని దీవించింది. ఆవిడ చేతికి నీలం పట్టీ ఉంది. దెనిత్స కడితే ఒప్పుకుందట.

అందరూ తింటుంటే దెనిత్స మాత్రం దూరంగా నిలబడింది. అక్కడ పనిచేసేవాళ్ళు అతిథుల బల్లల దగ్గర తినకూడదు. నానమ్మ రొట్టె ముక్కొకటి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"కలిపిన పిల్ల తినకపోతే ఎలారా? రద్కా పెళ్ళికి కూడా ఆ అమ్మాయే వచ్చి కలపాలని చెప్పు."

దెనిత్స పని ముగించుకుని వచ్చేసరికి నేను గేటు బయట ఖాళీ పిండి సంచీ మీద కూర్చుని ఉన్నాను.

"ఇక్కడేం చేస్తున్నారు యావొర్?"

"ఇది గేటు బయట. మీ రూళ్ళు ఇక్కడ చెల్లవు. కూర్చోండి."

కూర్చుంది. గుడ్డ విప్పి ముక్క ఆమె ముందు పట్టాను.

"లాగండి."

లాగింది. పెద్ద ముక్క ఆమెకే వచ్చింది.

"మీరు కావాలనే వదిలేశారు."

"అవును," అన్నాను. "దెనిత్సా, నాకు మీరంటే ఇష్టం. గేటు దగ్గర తిట్టినప్పుడే మొదలైంది. పిండిలో చేతులు ఆపి నిజం చెప్పినప్పుడు ఇక నా వల్ల కాలేదు. రేపు నానమ్మని కొండ మీద దించి, ఎల్లుండి మళ్ళీ వస్తాను. రావద్దంటే ఇప్పుడే చెప్పండి."

ఆమె రొట్టె నములుతూ సముద్రం వైపు చూసింది. భయమేసి మాట మార్చాను.

"నానమ్మ రద్కా పెళ్ళికి కూడా మీరే రొట్టె కలపాలంటోంది. వచ్చే ఏడాది."

"కుదరదని చెప్పండి," అంది దెనిత్స.

నేను ఆమె వైపు తిరిగాను. "ఎందుకు?"

తన పెద్ద ముక్కని సగానికి విరిచి నా చేతిలో పెట్టింది. ముక్కు మీద పిండి ఇంకా అలాగే ఉంది.

"కలిపే పిల్లకి పెళ్ళయి ఉండకూడదుగా," అంది. "అప్పటికి నాకు అయిపోతుందేమో. మీరు ఎల్లుండి వస్తే."