పదకొండు నలభైకి వంకరపోయిన నోరు

"ఊరి చుట్టూ పోలీసు కంచె. దాటేది అంబులెన్స్ ఒక్కటే. 'నోటరీ' అని మారుపేరున్న ఆ గూఢచారి దానిలోనే జారుకుంటాడు. మన మనుషుల పేర్ల జాబితా వాడి దగ్గరుంది. ప్రాణాలతో పట్టుకురా."

చీఫ్ చివరిమాట గూఢచారి శాఖ ఏజెంట్ ఒత్తావియో బ్రూసిన్‌కు రుచించలేదు. మూడేళ్ల కిందట నోటరీ ముఠా ఇలాగే దొంగఫోన్ చేసి ఇటలీ ట్రియెస్తే నగరంలో ఒత్తావియో ఉండే పేటకున్న ఒక్క అంబులెన్స్‌నూ లాక్కుపోయింది. ఆ పూటే అతని భార్యకు పక్షవాతం వచ్చింది. అంబులెన్స్ కోసం నలభై నిమిషాలు ఎదురుచూసి చనిపోయింది.

ఎమర్జెన్సీ కంట్రోల్ రూములో ఫోన్ మోగింది. ఆడగొంతు, ఏడుపు.

"మా ఆయనకి బోక్కా స్తోర్తా! నోరు వంకరపోయిందండీ! నోన్ పార్లా, మాట రావట్లేదు! కుడిచెయ్యి లేవట్లేదు!"

"దా కె ఓరా? ఎప్పట్నుంచమ్మా?" అంది ఆపరేటర్ మిరెల్లా.

"పదకొండు నలభై నుంచి."

పక్క కుర్చీలో కూర్చుని ఆ కాల్ వింటున్న ఒత్తావియో హెడ్‌ఫోన్ తీసేశాడు. "వీళ్లే."

"ఎలా తెలుసు బాబాయ్?"

"కట్టుకున్నది గడియారం చూస్తుందా? కాఫీ పొంగినప్పుడంటుంది, పాస్తాకి నీళ్లు పెట్టినప్పుడంటుంది. ఆ రోజు ఫోన్ చేసినప్పుడు నేనూ నీకు అలాగే చెప్పాను."

మిరెల్లా తల దించుకుంది.

పావుగంటలో అతను నారింజ యూనిఫారం, మాస్కుతో అంబులెన్స్‌లో ఉన్నాడు. స్ట్రెచర్ మీద నోటరీ. పక్కన ముత్యాల దుద్దులతో ‘భార్య’ లివియా. నిన్నటిదాకా శాఖ జీతం తిన్న మనిషే.

"తొందరగా పోనివ్వన్నా!" అంది.

పోలీసు కంచె దాటారు. ఆస్పత్రి గేటు పక్కన నోటరీ కోసం నల్లకారు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. ఇంకో వంద గజాలు.

"పరీక్ష చెయ్యాలి. నవ్వండి," అన్నాడు ఒత్తావియో.

వంకర నవ్వు.

"రెండు చేతులూ ఎత్తండి."

ఎడమది ఒక్కటే లేచింది.

ఒత్తావియో జేబులోంచి పెన్ను తీసి అతని నుదుటికి ఆనించాడు. క్లిప్పు నొక్కితే తూటా. "ఇంకోసారి."

కుడిచెయ్యి చక్కగా లేచింది. లివియా హ్యాండ్‌బ్యాగ్ అప్పటికే ఒత్తావియో బూటు కింద ఉంది.

ఒత్తావియో మాస్కు లాగేశాడు. "మూడో పరీక్ష. మాట పలకాలి. నా పెళ్లాం పేరు చెప్పు."

"నాకు... తెలీదు."

"నివెస్."

"నివెస్," అన్నాడు నోటరీ. ఒక్క అక్షరం తడబడలేదు.

క్లిప్పు మీద వేలు బిగిసింది. లివియా కళ్లు మూసుకుంది. చివరికి ఆ వేలు వదులైంది. నోటరీ కోటు లోపలి జేబులో జాబితా దొరికింది.

ముందు సీట్లో ఉన్నది శాఖ డ్రైవరే. "సార్, ఆస్పత్రికేనా?"

"జైలుకి. నెమ్మదిగా పోనీ. నలభై నిమిషాలు పట్టినా ఈయనకేం కాదు."