క పలకని ఊరు

మొదట పంపిన ఏజెంటు రెనియేరి మూడోనాటికి బిజెంజియో నదిలో శవమై తేలాడు. ఆ పనికే రెండోవాడిగా తన పేరు పిలిచేసరికి, ఇంకో దూచో ఎవరైనా ఉన్నాడేమోనని దూచో వెనక్కి తిరిగి చూశాడు.

రోమ్ ఆఫీసులో కల్నల్ సార్తోరియో నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. సరిహద్దు దాటి పారిపోయి వచ్చిన హంగేరీ ఇంజనీరు లాస్లో, ప్రాతో ఊరి పైన కల్వానా కొండల్లో జైరా అనే ముసలావిడ ఇంట్లో దాక్కున్నాడు. శత్రువుల ముఠా అతని ప్రాణం కోసం వెతుకుతోంది. దూచో దారి చూపాలి, ఏజెంట్ ఓరియెట్టా కారు తేవాలి. గుమ్మంలో ఇద్దరూ కోడ్ వర్డ్ చెప్పాలి: "కొండ మీద కోకాకోలా దొరకదు."

"నీ వేషం మిలాన్ బట్టల వ్యాపారి," అన్నాడు కల్నల్. "భయమేస్తే నీ క కాస్తా హ అయిపోతుంది. నీ నోరే నిన్ను చంపేస్తుంది, జాగ్రత్త."

నిజమే. దూచో పుట్టింది ప్రాతోలో. ఆ లోయలో క అనే అక్షరానికి పుట్టగతులు లేవు, కాకి కూడా హాహి అయిపోతుంది. ట్రైనింగులో ఏళ్ళ తరబడి రాళ్ళు నమిలినట్టు నమిలి అతను క నేర్చుకున్నాడు.

ప్రాతోలో పాత బట్టల బేళ్ళు దింపుతున్న లారీల మధ్య ఓరియెట్టా కారు ఆపింది. సిల్కు స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలు. తానూ ఈ లోయ పిల్లనేననీ, వయానోలో నేతగాడి కూతురిననీ చెప్పింది. చిన్నప్పటి మంగలి ఎక్కడ గుర్తుపడతాడోనని దూచో టోపీని ముక్కుదాకా లాక్కుని కారెక్కాడు.

కొండదారిలో తెల్లటి ఎద్దులు అడ్డం వచ్చాయి. ఓరియెట్టా హారన్ మోగించి తిట్టింది.

"కళ్ళు కనబడవా వీటికి? కారుకి అడ్డంగా ఎక్కడ్నించి వచ్చాయో ఖర్మ!"

ఒక్క క కూడా చెదరలేదు. ఎంత చక్కగా పలికిందని దూచో ముందు మెచ్చుకున్నాడు. మరుక్షణం అనుమానం వచ్చింది. కోపంలోనైనా కన్నతల్లి నేర్పిన నోరు బయటపడాలి కదా. ఈమె ఈ లోయ పిల్ల కాదు, అసలు ఓరియెట్టాయే కాదు.

మత్తు గ్యాస్ పెన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాడు. నొక్కితే సిరా కక్కి చొక్కా అంతా పాడుచేసింది. ఓరియెట్టా నవ్వి, పిస్తోలు అతని పక్కటెముకలకి ఆనించింది.

"రెనియేరి కూడా పెన్నే తీశాడు. ఆ పొగ వస్తున్న ఇల్లే కదా? నడు."

రాతి ఇల్లు. పై అటక తలుపులోంచి తొంగిచూసిన జైరా, మన లోయ పిల్లలిద్దరు వస్తారని కబురందిందనీ, ఒక్కొక్కరే మాట చెప్పాలనీ అంది.

"ముందు నువ్వు, నాయనా."

వీపుకి పిస్తోలు గుచ్చుకుంటోంది. నేర్చుకున్నట్టే శుభ్రంగా చెప్పాలనుకున్నాడు దూచో. కానీ చావు ఇంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు.

"హొండ మీద... హోహాహోలా దొరహదు."

సిగ్గుతో తల వాలిపోయింది. పని చెడిందనీ, లాస్లో చచ్చాడనీ అనుకున్నాడు.

"గడప దాటి రా," అంది జైరా. "ఆవిడ బయటే నిలబడి చెప్పనీ."

అతను లోపలికి అడుగేశాడు. ఓరియెట్టా పిస్తోలు స్కార్ఫు కింద దాచి, తియ్యగా నవ్వింది.

"కొండ మీద కోకాకోలా దొరకదు."

"ఎంత బాగా చెప్పావమ్మా," అని జైరా చేతిలోని తాడు వదిలేసింది.

అటక కప్పీకి వేలాడుతున్న పాత బట్టల బేలు దబ్బున ఓరియెట్టా మీద పడింది. పిస్తోలు పేలింది కానీ, గుండు బేల్లోని కోట్లలో ఎక్కడో ఇరుక్కుపోయింది. ఆమె మూలుగుతుంటే దూచో ఆమెని ఆ తాడుతోనే కట్టేశాడు.

"నువ్వూ అలాగే చెప్పుంటే ఇద్దరిహీ ఒహ్హటే బేలు సరిపోయేది," అంది జైరా కిందికి దిగుతూ.

లాస్లోని క్షేమంగా దాటించాక దూచో రోమ్‌కి ఫోన్ చేశాడు. జైరా సంగతంతా ముందే చెప్పేసిందట.

"నిన్ను కాపాడింది నీ భయమేనటగా?" అన్నాడు కల్నల్.

"హాదు సార్," అన్నాడు దూచో.