చివరి అరకిలో

విశాఖపట్నంలో వంటగదులు పోయి అప్పటికి ఒక తరం గడిచింది. కొత్తగా కట్టే ఇళ్లలో పొయ్యిగట్టు ఉండదు. గోడలో ఒక సొరుగు ఉంటుంది. వేళకి గంట మోగుతుంది, సొరుగు తెరుచుకుంటుంది, ఊరి ఉమ్మడి వంటశాల నుంచి ఆ ఒక్క మనిషికి సరిపడా పళ్లెం వచ్చి ఉంటుంది. భార్యకి వచ్చింది భర్తకి రాదు. ఒకరి వేళ ఇంకొకరిది కాదు. అలా కలిసి తినడం మెల్లిగా తప్పిపోయింది. ఆ తర్వాత కలిసి ఉండడమూ చాలామందికి తప్పిపోయింది. సముద్రం ఒడ్డున లేచిన అంతస్తుల్లో గదికొక మనిషి.

హైమవతి ఉండేది అలాంటి గదిలోనే. ఆహార పరిశోధనాలయంలో సీనియర్ సైంటిస్టు, యాభై దాటిన మనిషి. ఆ ఆదివారం మధ్యాహ్నం గంట మోగగానే చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుంది. బల్ల మీద చెంబంత ఉన్న తెల్లటి పరికరం మెల్లగా వెలిగింది.

"భోజనానికి కూర్చున్నారా హైమవతిగారూ? పొద్దున సగం వదిలేశారు. నెమ్మదిగా తినండి, నేనిక్కడే ఉంటాను."

దాని పేరు పథ్యసఖి. హైమవతి బృందం తయారుచేసినదే. బరువు తగ్గడానికి అన్నిటికన్నా మేలైన తిండి ఏది అన్న ప్రశ్న ఎప్పటినుంచో నలుగుతోంది. అన్నం మానాలని ఒకరు, నూనె మానాలని ఒకరు, చిరుధాన్యాలని, పచ్చికూరలని, ఒంటిపూటని తలా ఒక మాట. ఎన్ని పరిశోధనలు జరిగినా తేలకపోవడానికి కారణం ఒక్కటే, ఏం తిన్నారో మనుషులు సరిగ్గా చెప్పరు. పథ్యసఖి ఆ చిక్కు తీర్చడానికి పుట్టింది. పళ్లెంలోని ప్రతి మెతుకునూ సెన్సర్లతో తూస్తుంది. కుర్చీలో కూర్చోగానే మనిషి బరువు చూస్తుంది. పళ్లెం బయట తిన్నదాన్ని మాత్రం అడిగి తెలుసుకోవాలి. మనవాళ్లని నేరుగా లెక్క అడిగితే చిన్నబుచ్చుకుంటారు. అందుకని ముందు "భోంచేశారా?" అని పలకరించి, ఆ తర్వాతే అసలు ప్రశ్న వేసేలా ఇంజనీర్లు మాటలు నేర్పారు. ఆ మర్యాద గురించి అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

అనుకున్న బరువుకి దిగిన రోజున పథ్యసఖి సెలవు తీసుకుంటుంది. మర్నాడు ఆఫీసువాళ్లు వచ్చి పట్టుకుపోతారు. అది నియమం.

ఊళ్లో వేలమంది చేరారు, ఐదు రకాల పథ్యాలకు ఐదు గుంపులుగా. బృందంలోని వాళ్లు కూడా తలా ఒకటి ఇంటికి తీసుకెళ్లారు. ఐదు గుంపులూ ఇంచుమించు ఒకే వేగంతో తగ్గాయి. తగ్గి, గమ్యానికి అరకిలో దూరంలో ఆగిపోయాయి. నెలలు గడిచినా ఆ అరకిలో దిగదు.

"ఐదు లైన్ల మీద వచ్చిన రైళ్లు ఒకే ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబడిపోయాయండి," అన్నాడు బృందంలో లెక్కలు చూసే ఇమ్మానుయేలు. ఆయన సొంత బరువూ అక్కడే ఆగింది.

హైమవతి దానికొక సిద్ధాంతం అల్లింది. శరీరం తన పాత బరువుని వదల్లేక చివర్లో గడియ వేసుకుంటుందని, దానికి 'బరువు గొళ్లెం' అని పేరు పెట్టింది. ముందుగా అది కనిపించింది ఆవిడ సొంత అంకెల్లోనే. వంటశాలని నడిపే బోర్డుకి ఈ సిద్ధాంతాలు అక్కర్లేదు. ఐదింటిలో మేలైనదేదో వారంలోగా చెబితే వంటశాలలో ఇక అదొక్కటే వండిస్తామన్నారు.

గొళ్లేన్ని కళ్లారా చూద్దామని ఆ ఆదివారం సాయంత్రమే ఆవిడ పాత హార్బరు దగ్గర ఉండే పైడితల్లి ఇంటికి బయల్దేరింది. ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసి రిటైరైన మనిషి, చిరుధాన్యాల గుంపు. వస్తున్నట్టు ముందుగా చెప్పలేదు. లిఫ్టు దిగేసరికి పైడితల్లి సొంత గుమ్మం బయట, తలుపు దగ్గరగా వేసి, గోడ వైపు తిరిగి ఏదో నములుతోంది. చేతిలో మాడుగుల హల్వా ముక్క. ఇష్టంగా తింటున్నట్టు లేదు, మందు మింగుతున్నట్టుంది.

ఎన్నాళ్లుగా ఇలా అని హైమవతి అడిగింది. పైడితల్లి బుకాయించలేదు. కుర్చీలో అంకె ఇక దిగిపోతుందనిపించిన రోజున ఒక ముక్క వేసుకుంటుందట. అసలు తీపంటే పడదట.

"పడనిది ఎందుకమ్మా తినడం?"

"దిగిపోతే ఈ బొట్టిని అట్టుకుపోతారు గదేటి," అంది పైడితల్లి లోపల బల్ల మీదున్న పథ్యసఖిని చూపించి. "మా ఆయన ఉన్నన్నాళ్లూ నాను తిన్నానో నేదో అడిగినోడు కాడు. ఇది అడుగుతాది. నిజవో ఉత్తుత్తినో నాకెందుకు, అడుగుతాది."

తలుపు సందులోంచి గొంతు వినిపించింది. "పైడితల్లిగారూ, ఎవరో వచ్చినట్టున్నారు. వాళ్లు భోంచేశారేమో అడగండి."

పైడితల్లి మూతి తుడుచుకుంది. "తవఁరు ఇది రాసేస్తారా అమ్మా?"

హైమవతి చూస్తానని చెప్పి వచ్చేసింది.

దారిలో ట్రాములో కూర్చుని మిగతా గుంపుల్లో కొందరికి ఫోన్లు చేసింది. ముందు కాదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. ఒకాయన మెట్ల మీద అరటిపండు, ఒకావిడ బస్టాపులో మిక్చరు. తిన్నవి వేరు, కారణం ఒకటే. ఇక తేలనిదేమీ లేదు. ఐదు పథ్యాల్లో ఏదీ మిగతావాటికన్నా గొప్పది కాదు. మనిషి దేన్ని అంటిపెట్టుకుని ఉంటే అది పనిచేస్తుంది. ఎదురుగా కూర్చుని అడిగేవాళ్లుంటే ఏదైనా అంటిపెట్టుకుంటాడు. వందలమంది వెతికిన జవాబు రెండు వాక్యాల్లో ఉంది.

ఆ రెండు వాక్యాలు రాస్తే బోర్డు ఏం చేస్తుందో కూడా ఆవిడకి తెలుసు. జవాబు దొరికాక పరిశోధన దేనికంటారు. బరువుతో పనిలేకుండా ఒక తేదీ పెట్టి అన్నిటినీ వెనక్కి తెప్పిస్తారు. ఆ మర్నాడు పైడితల్లి బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు. తన బల్ల దగ్గరా.

అక్కడ ఆవిడ ఆలోచన ఆగింది. రోజూ ఆఫీసు నుంచి వస్తూ బీచిలో కొనే జీడిపప్పు పొట్లం గుర్తొచ్చింది. నడకలో నోట్లో వేసుకునేదాన్ని తిండి కింద ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పథ్యసఖి అడిగినప్పుడల్లా ఏమీ తినలేదనే చెప్పింది, అబద్ధమని అనిపించకుండానే. పైడితల్లి తను చేస్తున్నదేమిటో తెలిసి చేసింది. తను మాత్రం దానికి శాస్త్రం పేరు పెట్టుకుంది.

ఇంటికొచ్చి దీపం వేసి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది.

"నేను బయట తింటున్నట్టు నీకు తెలుసా?"

"పళ్లెంలో ఉన్నదే నాకు తెలుస్తుందండి. మిగతాది మీరు చెప్పిందే."

"చెప్పకపోతే?"

"రేపు మళ్లీ అడుగుతాను."

సోమవారం హైమవతి నివేదిక రాసి ఇమ్మానుయేలు బల్ల మీద పెట్టింది. ఐదింటిలో ఏది మేలో ఇంకా తేలలేదని, చివరి అరకిలో దగ్గర శరీరంలో గొళ్లెం పడుతున్నట్టు బలమైన అనుమానం ఉందని, దాన్ని తేల్చడానికి ఇవే పరికరాలతో మరో ఏడాది గడువు కావాలని అందులో ఉంది. ఇమ్మానుయేలు లెక్కల దగ్గర ఎవరినీ వదలని మనిషి. దశాంశం తప్పినా కాగితం వెనక్కి పంపిస్తాడు. ఎక్కడ పట్టుకుంటాడోనని ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది. బయట సముద్రం మీద ఒక్క ఓడా లేదు.

ఆయన మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. గొళ్లేనికి ఆధారం ఏదని అడగలేదు. కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచాడు.

"ఒక్క ఏడాదేనా మేడమ్?" అన్నాడు చివరికి, తలెత్తకుండానే. "రెండేళ్లు అడుగుదామండి."