దొరసాని గిట్టలు

“ఆ తాడు ఇలా తే! ఇవాళ అదో నేనో తేలిపోవాలి!” భర్త కొట్టం ముందు కేక పెట్టేసరికి కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది...

దొరసాని అంటే ఆ ఇంటి ఆడగుర్రం. మామగారు పోయిన దగ్గర్నుంచి కాలు ముట్టుకుంటే చాలు, తన్నేది. మొన్నటి తన్నుకి బక్కెట్టు ఎగిరి పక్కింటి పెంకుల మీద పడింది. అందులో పిచ్చుక కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నది. నమ్మరా? పిచ్చుకనే అడగండి! కానీ నవ్వేందుకేముంది... గిట్టలు పెరిగి, ఒకటి చీలి, ఆ మూగజీవి కుంటుతోంది. ఊళ్లో గిట్టలు చెక్కి నాడాలు కొట్టే తాతేమో దగ్గరికే రానన్నాడు.

“నెలాఖరుకి దీన్ని పశువుల బేరగాడికి ఇచ్చేస్తాను.”

“అంతవరకూ ఆగండి! నేను మచ్చిక చేస్తాను...” కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నువ్వా? ఇంట్లో పిల్లి కూడా నీ మాట వినదు!”

పిల్లిదాకా ఎందుకు, అత్తగారు ఆమెతో మాట్లాడి ఆరునెలలైంది. భర్త పోయిన దుఃఖం ఆవిడ నోటికి తాళం వేసింది.

మొదటి వారమంతా కోడలు దొరసాని భుజం మీద అరచెయ్యి ఆనించడమే! చెవి వెనక్కి వాలితే చెయ్యి తీసేసేది. కుదురుగా నిలబడితే క్యారెట్ ముక్క. రెండో వారానికి మోకాలు, మూడో వారానికి గిట్ట... ఒక్క క్షణం ఎత్తి, అది లాక్కోకముందే తనే దించేది.

ఇంకో నాలుగు రోజులుందనగా భర్త వచ్చి, “అలవాటైందిగా!” అంటూ కాలు గట్టిగా పట్టి లాగాడు. అంతే! చెయ్యి చూస్తేనే దొరసాని వణకసాగింది. పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టయింది! ఆమె గడ్డిలో కూలబడి ఏడ్చింది.

“ఏడవకమ్మా...”

అత్తగారి గొంతు! గుమ్మంలో నిలబడి ఉంది.

“మీ మామయ్యా ఇలాగే చేసేవారు. చెవి వాలిస్తే చెయ్యి తీసేసేవారు. నా దగ్గరా అంతేనే! కొత్తలో నేను మొహం తిప్పుకుంటే, ‘సరే, రేపొస్తాలే’ అని వెళ్లిపోయేవారు. చేతకాని మనిషనుకున్నాను... కాదమ్మా, ఆయనకి అడగడం తెలుసు!”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?”

“చెబితే... ఆయన లేరని ఒప్పుకున్నట్టే కదే!”

ఇద్దరూ దొరసాని మెడ చెరోవైపు పట్టుకుని తనివితీరా ఏడ్చారు.

తర్వాత అత్తగారు కొడుకువైపు తిరిగింది. “ఒరేయ్, ఆ బేరగాణ్ణి రావద్దను. గడువు ఇక నాది!”

మళ్లీ భుజం నుంచి మొదలుపెట్టారు. కోడలు కాలి దగ్గర, అత్తగారు తల దగ్గర. ఇరవైరోజులకి తాత ఉలితో, ఆకురాయితో భయంభయంగా వచ్చాడు. తాడైనా లేకుండా దొరసాని ఒక్కో కాలూ తనే ఎత్తి ఇచ్చింది! మధ్యలో ఆవలించింది కూడా. ఇది మాత్రం నా కల్పన కాదు, ఒట్టు!

నాలుగో గిట్ట చెక్కి తాత చెమట తుడుచుకున్నాడు. “అయిపోయిందమ్మా... ఇక వదిలెయ్యండి.”

మామగారు పోయాక అత్తగారు మొదటిసారి నవ్వింది.

“అసలు పట్టుకున్నదెవరయ్యా!”