పన్నెండు జేబుల్లో టార్చ్‌లైట్లు

సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, మూతపడిన ఒక ప్రింటింగ్ ప్రెస్ బేస్‌మెంట్‌లో, గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏజెంట్ ఒకడు ఒకే ఒక్క తూటాకు చనిపోయాడు.

బయట ఎండ పేలిపోతోంది. లోపల కిటికీ లేదు, బల్బు లేదు. తన చెయ్యి తనకే కనబడనంత చీకటి. అతను మెట్లు దిగి పదడుగులు నడిచాడు. చొక్కా జేబులో ఉన్న టార్చ్ ఇంకా బయటికి తీయనేలేదు. తూటా తిన్నగా వచ్చి గుండెలో దిగింది.

వయసు ముప్పై ఒకటి. మనిషి ఆరడుగుల రెండంగుళాలు. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అందరూ ‘పొడుగు’ అని పిలిచేవారు. అతన్ని ఈ సర్వీసులోకి తీసుకొచ్చిన మనిషి మేస్త్రి. పొడుగుకు మేస్త్రి స్వయానా బావ.

మేస్త్రి అసలు పేరు డిపార్ట్‌మెంట్ ఫైల్లో కూడా నల్లసిరాతో కొట్టేసి ఉంటుంది. పదహారేళ్ల సర్వీసు. ఒకప్పుడు తాపీమేస్త్రి వేషంలో ఎనిమిది నెలలపాటు ఒక విదేశీ కాన్సులేట్ గోడ కట్టి, ఇటుకకో మైక్రోఫోన్ చొప్పున పెట్టి వచ్చాడు. ఆ గోడ ఇప్పటికీ నిలబడే ఉంది. ఆ పేరూ అలాగే నిలబడిపోయింది.

గురువారం ఉదయం తొమ్మిదింటికి అతనికి పిలుపు వచ్చింది.

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో బల్ల మీద ఒక అట్టపెట్టె, పక్కన ఒక ఫైలు ఉన్నాయి. కిటికీ దగ్గర కుర్చీలో ‘నెమలి’ కూర్చుంది. బూడిదరంగు సూటు, నల్లకళ్లద్దాలు, గది నిండా ఖరీదైన సెంటు వాసన. ‘రింగ్’ అనే శత్రు గూఢచారుల ముఠా మనిషిగా నటిస్తూ, ఆ ముఠా రహస్యాలు డిపార్ట్‌మెంట్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్. నాలుగేళ్లుగా పెద్దాయన ఆమె మాటను రేడియో వార్తల్లా నమ్ముతున్నాడు.

“కూర్చో,” అన్నాడు పెద్దాయన.

“నిలబడే వింటాను సార్.”

“మీ బావమరిది విషయంలో నాకు...”

“పని చెప్పండి సార్.”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “ఊరి చివర పాత కోల్డ్ స్టోరేజీ ఉంది. కరెంటు కట్ చేసి రెండేళ్లయింది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి రింగ్ మొత్తం అక్కడ సెల్లార్‌లో కలుస్తోంది. కొత్త విదేశీ బాస్ కూడా వస్తున్నాడు. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. నువ్వు లీడర్‌వి, నీతోపాటు పదకొండుమంది.”

“సమాచారం ఎవరిది?”

“నాది,” అంది నెమలి.

మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. “ఒక్కటి చెప్పండి మేడమ్. సోమవారం వాడు టార్చ్ వెయ్యలేదు. అంత చీకట్లో గురి ఎలా కుదిరింది?”

“అదృష్టం,” ఆమె భుజాలు కదిలించింది. “ఒక్కోసారి షూటర్లకీ కలిసొస్తుంది.”

“మా వాడి గుండె లాటరీ టికెట్ కాదు.”

పెద్దాయన మాట మార్చడానికి అట్టపెట్టె తెరిచాడు. లోపల పన్నెండు టార్చ్‌లైట్లు, నల్లగా మెరుస్తూ.

“డిపార్ట్‌మెంట్ అందరికీ కొత్తగా ఇస్తోంది. రోజూ జేబులో ఉండాల్సిన వస్తువు. డ్యూటీ ఉన్నా లేకపోయినా. ట్రయల్‌లో మొదటి పీసు మీ వాడే వాడాడు. ఏడుగురి కమిటీ నాలుగు నెలలు కూర్చుని ఎంపిక చేసింది. రిపోర్టు పంతొమ్మిది పేజీలు.”

మేస్త్రి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. జానెడు పొడవు, జేబు చిరిగేంత బరువు. ఒకే బటన్‌లో ఏడు మోడ్‌లు. క్లిప్ మధ్యలో బిగించారు. జేబుకు తగిలిస్తే తోక రెండు వేళ్లంత పైకి పొడుచుకొస్తోంది.

“క్లిప్ ఇక్కడెందుకు పెట్టారు? చివర పెడితే మొత్తం లోపలికి దిగిపోతుంది కదా.”

“చేతికి వెంటనే అందాలని,” నెమలి చిన్నగా నవ్వింది. “కమిటీకి ఆ సలహా ఇచ్చింది నేనే. తయారుచేసే కంపెనీని చూపించిందీ నేనే.”

ఆ నవ్వు చూసి మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. ఎందుకో అప్పటికి తెలియలేదు. పెట్టె చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

మధ్యాహ్నం రెండున్నరకు, టీమ్‌కు పెట్టె అప్పగించి, బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వెళ్లాడు.

అతని భార్య కంటి వార్డులో నర్సు. మూడు రోజులుగా డ్యూటీకి వెళ్లలేదు. ఆరోజు యూనిఫాం వేసుకుంది గానీ గుమ్మం దాటలేకపోయింది. తలుపులు మూసి, తెరలు దించి, డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని ఉంది. బల్ల మీద ఆస్పత్రివాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులోంచి తీసి వరసగా పేర్చింది: తాళాలు, దువ్వెన, సగం నమిలిన పెన్ను, టార్చ్.

“తిన్నావా?” అన్నాడు మేస్త్రి.

“వాడు ఈ టార్చ్ తెచ్చి నాకు చూపించాడు,” ఆమె తలెత్తలేదు. “ఇదేం టార్చ్‌రా అన్నాను. నొక్కగానే మొదట కళ్లు పోయేంత వెలుగు. చిన్న వెలుగు కావాలంటే నాలుగుసార్లు నొక్కాలి. నేను రోజుకు నలభై మంది కళ్లల్లో టార్చ్ వేస్తాను. జేబులో పెట్టుకునేది వేలెడంత ఉండాలి. చీకట్లో గుడ్డిగా తీసినా ముందు చిన్నగా వెలగాలి. బ్యాటరీ ఏ కొట్లోనైనా దొరకాలి. ఇంతకంటే ఏం కావాలి? అక్కా, ఇది కమిటీ ఇచ్చిందే అని నవ్వాడు.”

మేస్త్రి ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“వాడు లెక్కల మాస్టారు అవుతానన్నాడు. వద్దు, నాతో రా అన్నది మీరు.”

“అవును.”

“అవును అంటే సరిపోతుందా?”

“సరిపోదు.”

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని మేస్త్రికి అనిపించింది. తన పాత ఫోన్ తీసి, ఆ వస్తువులను ఫోటో తీయబోయి, ఆమె ఆగిపోయింది.

“ఇదేంటి?”

ఫోన్ స్క్రీన్ మీద టార్చ్ తోక దగ్గర వంకాయరంగు చుక్క ఒకటి మినుకుమినుకుమంటోంది. మేస్త్రి బల్ల మీది టార్చ్ వైపు చూశాడు. ఏమీ లేదు. స్క్రీన్ చూశాడు. చుక్క వెలుగుతోంది. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది.

టీవీ రిమోట్‌లోనూ ఇలాంటి వెలుగే ఉంటుంది. మనిషి కంటికి ఆనదు, కొన్ని కెమెరాలకు ఆనుతుంది. చీకట్లో చూసే కళ్లద్దాలు పెట్టుకున్నవాడికైతే అది నడిచొచ్చే దీపం. చొక్కా జేబుకు రెండు వేళ్లు పైన, సరిగ్గా గుండె మీద.

“అదృష్టమట,” అన్నాడు మేస్త్రి. “వాడి గుండె మీద వీళ్లే బొట్టు పెట్టి పంపించారు.”

అదే దీపం ఇప్పుడు పదకొండు మంది జేబుల్లో ఉంది.

రెయిడ్ దగ్గర పెద్దాయన కూర్చునే కంట్రోల్ వ్యాన్‌కు ఫోన్ చేశాడు. రెండో రింగుకే ఎత్తారు.

“చెప్పండి మేస్త్రి గారూ,” అంది నెమలి. “పెద్దాయన పక్కనే ఉన్నారు. స్పీకర్‌లో పెట్టనా?”

మేస్త్రి పళ్లు బిగించాడు. “అక్కర్లేదు. బయల్దేరుతున్నానని చెప్పడానికే.”

ఫోన్ పెట్టేసి భార్య వైపు చూశాడు. “నువ్వూ రావాలి. ఎలాగూ యూనిఫాంలోనే ఉన్నావు. రెయిడ్ దగ్గర అంబులెన్స్ ఉంటుంది, నర్సును ఎవరూ ఆపరు. నేను లోపలికి వెళ్లగానే కంట్రోల్ వ్యాన్ తలుపు తట్టు. ఆ చుక్క ఫోటో తీసుకో, పెద్దాయనకు మాత్రమే చూపించు. పక్కన ఒకావిడ ఉంటుంది.”

“ఈ పని చేసింది ఆవిడేనా?”

“ఆవిడే.”

ఆమె చుక్క కనబడేలా ఫోటో తీసి, టార్చ్‌నూ ఫోన్‌నూ జేబులో వేసుకుని లేచింది.

నాలుగింటికి పది నిమిషాలు తక్కువ. కోల్డ్ స్టోరేజీ వెనక, తుప్పుపట్టిన షట్టర్ ముందు టీమ్ వరసగా నిలబడింది. నెమలి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, వాళ్ల జేబుల్లో టార్చ్‌ను తన చేత్తో సర్దుతోంది.

“క్లిప్ బయటికి ఉండాలి. తోక పైకి. ఆ, అలా.”

మేస్త్రి దగ్గరికి వచ్చింది. అతని జేబు కూడా సర్దింది. ఆ వేళ్లను అక్కడికక్కడ విరిచేయాలన్నంత కోపం వచ్చింది మేస్త్రికి. కానీ ఇప్పుడు ఈమెను పట్టుకుంటే లోపలున్నవాళ్లు ఎలుకల్లా జారుకుంటారు. తూటా పేల్చినవాడు వాళ్లలోనే ఉన్నాడు.

“థాంక్యూ మేడమ్,” అన్నాడు.

లోపల మొదటి హాలు. పగుళ్ల పైకప్పులోంచి కాస్త వెలుతురు పడుతోంది. షట్టర్ దించగానే మేస్త్రి చెవిలోని రేడియో పీకేశాడు. టీమ్‌కు సైగ చేశాడు. పదకొండుమందీ పీకేశారు.

“టార్చ్‌లు తీయండి.”

“ఎందుకు సార్?” అన్నాడు డ్రైవర్. టీమ్‌లో అందరికన్నా సీనియర్.

మేస్త్రి తన ఫోన్ కెమెరాను అతని జేబుకు ఎదురుగా పట్టి స్క్రీన్ చూపించాడు. డ్రైవర్ ఒక బూతుమాట అన్నాడు. మిగతావాళ్లు టార్చ్‌లు బయటికి తీశారు.

మూలన క్రేట్లు మోసే ట్రాలీ ఒకటి పడి ఉంది. దాని మీద ఖాళీ క్రేట్లను మనిషి ఛాతీ ఎత్తు వరకు పేర్చి, జాకెట్లు చుట్టి, పన్నెండు టార్చ్‌లూ వాటికి తగిలించారు. ఆరుగురు వెనకవైపు మెట్ల మీదుగా, చడీచప్పుడు లేకుండా సెల్లార్‌లోకి దిగారు. మేస్త్రి, డ్రైవర్, మిగతావాళ్లు ట్రాలీని ర్యాంప్ మొదట్లో నిలబెట్టారు.

అదే నిమిషంలో బయట కంట్రోల్ వ్యాన్‌లో నెమలి హెడ్‌ఫోన్స్ చెవులకు నొక్కుకుంది. నాలుగు నిమిషాలుగా పన్నెండు రేడియోలూ మూగబోయి ఉన్నాయి. పెద్దాయన మ్యాప్ చూసుకుంటున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పౌడరు డబ్బా తీసింది. అద్దం కింద పౌడరు లేదు. ఒక చిన్న ఎర్రమీట ఉంది. ఒక్కసారి నొక్కితే సెల్లార్‌లోని ప్రతి చెవికీ హెచ్చరిక చేరుతుంది.

వ్యాన్ తలుపు తెరుచుకుంది. నర్సు.

“సార్, మీకొక ఫోటో చూపించాలి,” అంది, పెద్దాయన వైపు ఫోన్ చాచుతూ.

నెమలి ముందు ఆ స్క్రీన్ చూసింది. తర్వాత నర్సు యూనిఫాం జేబులోంచి తొంగిచూస్తున్న టార్చ్ చూసింది. ఆమె బొటనవేలు ఎర్రమీట మీదికి వెళ్లింది.

కంటి వార్డులో చుక్కలు వేసేటప్పుడు రోగులు ఉలిక్కిపడి చెయ్యి విసురుతారు. ఆ మణికట్టును క్షణంలో పట్టుకోవడం పద్నాలుగేళ్లుగా నర్సు చేతులకు అలవాటు. నెమలి బొటనవేలు మీటకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. నల్లకళ్లద్దాలు జారి కింద పడ్డాయి.

“వదులు,” అంది నెమలి.

“మా తమ్ముడు పొడుగ్గా ఉండేవాడు,” అంది నర్సు. “గుర్తుందా?”

ఆమె వదల్లేదు. పెద్దాయన ఫోటో చూసి, నెమలిని చూసి, నాలుగేళ్లు ఒక్కసారిగా మీద పడినట్టు కూలబడ్డాడు. తర్వాత లేచి సంకెళ్లు తనే వేశాడు.

సెల్లార్‌లో ట్రాలీ ర్యాంప్ దిగింది.

నాలుగు మూలల నుంచీ తుపాకులు ఒక్కసారే పేలాయి. క్రేట్లు తునకలై ఎగిరాయి. ప్రతి తుపాకీ మంట తన యజమాని ఎక్కడున్నాడో చెప్పేసింది. మేస్త్రి కళ్లు చెదిరేలా మండే సిగ్నల్ ఫ్లేర్ వెలిగించి మధ్యలోకి విసిరాడు. చీకట్లో చూసే కళ్లద్దాలు పెట్టుకున్న తొమ్మిదిమందీ ముఖాలు పట్టుకుని అరిచారు. వెనక మెట్ల మీది ఆరుగురు వాళ్ల మీద పడ్డారు. అంతా ఒకటిన్నర నిమిషం.

ప్రింటింగ్ ప్రెస్‌లో కాల్చింది ఎవరో చెప్పడానికి వాళ్లు ఒకరికొకరు పోటీ పడ్డారు. బక్కపలచని విదేశీయుడు, ఆ కొత్త బాసే. మేస్త్రి అతని కాలర్ పట్టి గోడకు అదిమాడు. పిస్టల్ అతని నుదుటికి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

“సార్,” అన్నాడు డ్రైవర్ మెల్లగా.

“తెలుసు,” అన్నాడు మేస్త్రి. పిస్టల్ దించాడు.

శుక్రవారం పెద్దాయన మళ్లీ పిలిచాడు. ఈసారి ఆయనే నిలబడి ఉన్నాడు.

“టార్చ్ ఎంపికకు కొత్త కమిటీ వేస్తున్నాం. ఛైర్మన్‌గా నిన్ను అనుకుంటున్నాను.”

“ఆ పంతొమ్మిది పేజీల చివర ఏడు సంతకాలున్నాయి సార్. ఆ ఏడుగురిలో ఒక్కరైనా ఆ వస్తువును ఒక్కరోజు జేబులో పెట్టుకుని తిరిగారా?”

పెద్దాయన బల్ల మీది ఫైలు మూసేశాడు.

“తిరిగి ఉంటే జేబు చిరిగేది. క్లిప్ ఎందుకిలా ఉందని తిట్టుకునేవాళ్లు. విప్పి చూసేవాళ్లు. మీరు కుర్చీల్లో కూర్చుని సంతకాలు పెట్టారు. వాడు నడిచాడు.”

తలుపు చప్పుడయ్యేలా వేసి వెళ్లిపోయాడు. పదహారేళ్లలో అతను ఆ తలుపు అలా వేయడం అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ బజారులో ఒక ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లారు. ఆమె అక్కడున్న టార్చ్‌లన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. అరచేతికి అడ్డంగా పెట్టుకుని వెలిగించింది. మూత తిప్పి లోపల చూసింది. యూనిఫాం జేబులో వేసుకుని వంగి లేచింది. చివరికి వేలెడంతది ఒకటి పక్కన పెట్టింది. అప్పుడు ఫోన్ కెమెరాలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాతే మొగుడి చేతిలో పెట్టింది. సోమవారం తర్వాత ఆ ఇద్దరి వేళ్లూ తగలడం అదే మొదటిసారి.

షాపతనికి అది నచ్చలేదు. అద్దాల బీరువాలోంచి జానెడు పొడవున్న ఒకటి బయటికి తీశాడు.

“ఆ చిన్నదెందుకు సార్ మీకు? ఇది తీసుకోండి. కిలోమీటరు దూరంలో మనిషి ఉన్నా ముఖం కనిపిస్తుంది.”

“వద్దయ్యా,” అన్నాడు మేస్త్రి. “నాకు మా ఇంటి తాళం కన్నం కనిపిస్తే చాలు.”