అయిదు గంటల వేలిముద్ర

బహ్రెయిన్‌లో జల్లాఖ్ సముద్రపు ఒడ్డున శవమై తేలిన అబ్బులుకు చేపలా ఈదడం వచ్చు. అది ప్రమాదం కాదని తెలియడానికి ఆ ఒక్క సంగతి చాలు.

ముహర్రక్‌లో విమానాశ్రయం గోడ పక్కన ఆగిన లాండ్రీ వ్యాన్‌లో కూర్చుని ఆ శవం ఫోటో చూశాడు మణికుమార్. భారత గూఢచారి శాఖలో ఏజెంట్ 31. బయటి ప్రపంచానికి ఓ హోటల్లో టీ మాస్టర్. స్టీరింగ్ మీద మోచేతులాన్చి కూర్చున్న అమ్మిరాజు ఊరందరికీ లాండ్రీ డ్రైవరు. ఢిల్లీకి మాత్రం బహ్రెయిన్ స్టేషన్ చీఫ్.

అది 1996 నవంబర్. మర్నాడు శుక్రవారం, సెరాంబా దీవుల రెఫరెండం.

"అక్కడి రేవుని ఓ విదేశీ నౌకాదళానికి తొంభైతొమ్మిదేళ్ళు లీజుకివ్వాలా, వద్దా. ఇదీ ప్రశ్న," అన్నాడు అమ్మిరాజు. "ఇచ్చారనుకో, మన తీరం మొత్తం వాళ్ళ మిసైళ్ళ కిందికొచ్చేస్తది. దీవుల్లో ఓట్లు చెరిసగం చీలిపోయాయి. తేల్చేది ఇక్కడ పనిచేసే దీవులోళ్ళ రెండు వేల ఓట్లే. వీళ్ళంతా 'కాదు' అనేవాళ్ళే."

"అయితే పెట్టె ఎత్తుకుపోతారా?"

"అంత కష్టమెందుకురా? రూల్స్ చదువు."

చేతికిచ్చిన పుస్తకం పేరు 'ప్రచారకులకూ, ఏజెంట్లకూ నిబంధనలు'. ఎర్ర పెన్సిల్ గీసిన చోట చదివాడు మణికుమార్. పోలింగ్ ముగిశాక, సాయంత్రం అయిదు కొట్టేలోపు ముగింపు పత్రం మీద రెండు పక్షాల ఏజెంట్లూ సంతకం చేయాలి. చేయని పక్షం ఓడినట్టే. సంతకానికి ముందే హాల్లో ఏజెంటు మరణిస్తే ఆ పెట్టె రద్దు.

అతను పుస్తకం మూసి తిరిగిచ్చాడు.

"కాదు పక్షం ఏజెంటు అబ్బులే. మొన్న ఫోన్ చేశాడు. 'సంతకం దగ్గరే చంపుతారు' అన్నాడు, లైన్ కట్టయింది. రేపు అతని బదులు కూర్చునేది నరసాయమ్మ. ఇక్కడే గలాలీలో ఓ ఇంట్లో వంటమనిషి. వాళ్ళ తాతలు మన గోదావరి నించి చెరకు తోటలకి వలసెళ్ళారు. ఇక పేరు మార్చడానికి గడువు లేదు."

"ప్రాణం మీదికొస్తుందని ఆవిడకి చెప్పారా?"

"అబ్బులు ఆవిడ తమ్ముడురా. చెప్పాలా?"

చంపబోయేవాడి కోడ్ నేమ్ పీత. విదేశీ ముఠాకు నాయకుడు. రేపు అంతర్జాతీయ పరిశీలకుడి హోదాలో, బూడిద రంగు సూట్‌లో హాల్లోనే ఉంటాడు. రుజువు లేకుండా అతని మీద చేయి వేయడానికి లేదు.

"మరి జాజి?"

జాజి అంటే శిరీష. నిజామాబాద్ పిల్ల. పీత నడిపే షిప్పింగ్ కంపెనీలో సెక్రటరీ. రేపు ఔను పక్షం ఏజెంటుగా కూర్చునేది ఆమే. ఢిల్లీకి రహస్యంగా కబుర్లు పంపుతుంది. కానీ ఆఖరి రెండు కబుర్లూ తప్పుడువి.

"ఎవరి మనిషో ఆ అమ్మాయికైనా తెలుసో లేదో," అంటూ అమ్మిరాజు ఓ వాచీ అందించాడు. "పట్టీ కింద చిన్న కాగితం ఉంది. విషం తగిలితే ఊదాగా మారుద్ది. ఒక్కసారే పనిచేస్తది."

"ఒక్కటే ఇచ్చారా?"

"ఢిల్లీ వాళ్ళు, పొదుపరులు. నీకు రెండు ప్రాణాలున్నాయనుకుంటారు గానీ రెండు కాగితాలివ్వరు."

* * *

పోలింగ్ జరిగే ముహర్రక్ స్కూలు హాలు ఆస్పత్రిలా నిశ్శబ్దంగా ఉంది. వంద మీటర్లలోపు పోస్టర్లన్నీ గీకేశారు. పక్షాల రంగులున్న రుమాళ్ళు కూడా గేటు దగ్గరే తీసేయించారు. సుద్దగీతకు అటు ఔను ఏజెంటు, ఇటు కాదు ఏజెంటు. ఓటర్లతో మాట్లాడకూడదు. గీత దాటకూడదు. ఎదుటి పక్షం బల్ల మీద వస్తువు ముట్టుకోకూడదు.

శిరీష సముద్రపు నీలం పట్టుచీరలో, నల్లకళ్ళద్దాలతో, సినిమా షూటింగు మధ్యలో లేచి వచ్చినట్టుంది. కొంగు జారి గీత మీద పడితే చటుక్కున లాక్కుంది. నియమం విషయంలో ఆమె అంత నిక్కచ్చి. గంజిపెట్టిన నేతచీరలో నరసాయమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, వచ్చిన ప్రతి ఓటరునూ ఇంటికొచ్చిన చుట్టంలా చూస్తోంది. బొటనవేలికి కూరగాయల కత్తి తెగిన గాటు.

కెటిల్ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్న మణికుమార్‌కు ఒకటే లెక్క. ఆవిడ నోటికి, చేతికి తగిలే ప్రతిదీ ముందు తను చూడాలి. టీ తనే కలిపాడు. నీళ్ళు తనే పోశాడు. పీత మాత్రం ఎక్కడా తొందర లేకుండా గోడవారగా నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. ఆ తొందర లేకపోవడమే భయపెడుతోంది.

మధ్యాహ్నం నరసాయమ్మ క్యారేజీ విప్పింది. మామిడికాయ పప్పు వాసన. అవతల శిరీష బిస్కెట్ ప్యాకెట్ చింపుతోంది.

"ఏటమ్మా, అదా తిండి? ఇలా చెయ్యి చాపు."

"వద్దు పెద్దమ్మా, రూల్ లేదు," అంది శిరీష కంగారుగా. "మనం ఎదురు పక్షాలం గదా."

"కడుపుకి పక్షమేటే? ముద్ద తిను."

ఏజెంట్లు తినుబండారాలు ఇచ్చిపుచ్చుకోరాదని పుస్తకంలో ఉంది. లావు కళ్ళద్దాల ప్రిసైడింగ్ ఆఫీసర్ అది చూశాడు. చూసి, కళ్ళద్దాలు తీసి, తీరిగ్గా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. రెండు ముద్దలు తినేదాకా ఆ అద్దాలు శుభ్రపడలేదు.

శిరీష నల్లద్దాల కింద చెంప తడిసింది. కారం ఎక్కువైందేమో అనుకున్నాడు మణికుమార్.

మూడు గంటలకు అవకాశం దొరికింది. ముగింపు పత్రం కోసం దారంతో కట్టి ఉంచిన పెన్ను. బల్ల తుడుస్తున్నట్టు వంగి వాచీ పట్టీ కింది కాగితాన్ని దానికి రుద్దాడు. మెల్లగా వంద లెక్కపెట్టాడు. కాగితం తెల్లగానే ఉంది.

పెన్నులో విషం లేదు. అతనికి ఊపిరాడింది. మరుక్షణం మళ్ళీ ఆగింది. పెన్నులో లేకపోతే ఇంకెక్కడ?

నాలుగూ యాభైకి తలుపులు మూశారు. శిరీష పత్రం మీద గబగబా సంతకం చేసింది. ఆఫీసర్ పత్రాన్ని ఇటు తిప్పి పెన్ను అందించాడు.

"నాకు రాత రాదు నాయనా," అంది నరసాయమ్మ. "వేలిముద్రే."

పెన్ను ఎందుకు శుభ్రంగా ఉందో మణికుమార్‌కు అర్థమైంది. రెండు వందల పేజీల ఫైలు బట్టీపట్టాడు. ఆవిడకు రాయడం వచ్చా అని ఒక్కసారీ అడగలేదు. బడికెళ్ళినవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. పీత చేయలేదు. ఆమె నియామక పత్రం మీది వేలిముద్ర ముందే చూశాడు. ఇప్పుడు ఆ పీతే ఒంటి నిండా కళ్ళు చేసుకుని బల్ల దగ్గరికి జరిగాడు.

ఆఫీసర్ సామాను డబ్బాలోంచి స్టాంపు ప్యాడ్ తీసి నరసాయమ్మ బల్ల మీద పెట్టాడు. ఆవిడకు కాస్త దూరమైంది.

అప్పుడు శిరీష గీత దాటింది.

పొద్దుటి నుంచి కొంగు కూడా పడనివ్వని మనిషి, ఎదుటి పక్షం బల్ల మీదికి వంగి ఆ ప్యాడ్‌ను ఆవిడ ముందుకు నెట్టింది. వేలితో కాదు, పెన్ను మూతతో. నల్లద్దాలు ఒక్క క్షణం టీ మనిషి వైపు తిరిగాయి.

నరసాయమ్మ బొటనవేలు దిగుతోంది.

"అమ్మా, వేడి!" మణికుమార్ తూలాడు. కెటిల్ మొత్తం ప్యాడ్ మీద బోర్లాపడింది. నరసాయమ్మ చేయి వెనక్కి లాక్కుంది. ప్యాడ్ ఇంకు కలిసిన నల్లటి టీ ఎగిరి పీత చేతి మీద చిందింది.

పీత కేక హాలంతా మోగింది. కోటు జేబులోంచి విరుగుడు మందు సిరంజి తీసి, ప్యాంటు మీంచే తొడలో గుచ్చుకుని, నేల మీద కూలబడ్డాడు. విషం ఎక్కడుందో అతనే చూపించేశాడు.

"ఇంకు చుక్కకే ఇంత మందా?" అంది నరసాయమ్మ.

గేటు దగ్గరి పోలీసులు లోపలికి పరుగెత్తారు. వాళ్ళు రెక్కలు పట్టి లేపుతున్నా పీత పళ్ళు బిగించి నవ్వాడు. "టైం చూడండి. ప్యాడ్ పోయింది. ఆమె వేలిముద్ర లేదు. కాదు పక్షం ఓడింది."

నాలుగూ యాభైతొమ్మిది. ప్రిసైడింగ్ ఆఫీసర్ గబగబా పుస్తకం తిరగేశాడు. పెదవులు కదిలాయి.

"ముద్ర 'ఆఫీసర్ సరఫరా చేసిన ఇంకుతో' ఉండాలి. ప్యాడ్ అనే మాట లేదు." ఓటర్ల వేలికి రాసే సిరా సీసా మూత ఊడబెరికాడు. "వేలు ఇవ్వండమ్మా!"

సిరా పూసిన బొటనవేలు పత్రాన్ని తాకింది. గోడ గడియారం పెద్దముల్లు కదిలి పన్నెండు మీద నిలిచింది.

* * *

గేటు బయట ఎండ మెత్తబడింది. పోలీసు జీపు దూరమయ్యేదాకా శిరీష కదల్లేదు.

"ఆ రెండు తప్పుడు కబుర్లు ఎందుకు పంపావు?" అడిగాడు మణికుమార్.

"ఎటు నిలబడాల్నో అప్పుడు నాకే ఎర్కలేదు."

"మరి ఈవేళ ఎప్పుడు తెలిసింది?"

"రెండో ముద్దకు," అని ఆమె నల్లకళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంకో క్షణమాగితే నేనే అరుస్తుంటి. నీకు బుర్ర ఉన్నట్టే ఉంది, పర్లేదు."

లోపల నరసాయమ్మ సీలు వేసిన పెట్టె మీద అరచేయి ఆనించి నిలబడింది. "పడుకో తమ్ముడూ," అంది నెమ్మదిగా. పెట్టెను విమానాశ్రయానికి తీసుకువెళ్ళాల్సిన మనుషులు, ఆమె చేయి తీసేదాకా ఆగారు.

కాదు పక్షం గెలిచిన నెల తరువాత సెరాంబా ప్రభుత్వం నుంచి ఘటనల నివేదిక నకలు ఢిల్లీకి చేరింది. "సాయంత్రం 4.57. టీ మనిషి అజాగ్రత్త వల్ల స్టాంపు ప్యాడ్ పాడైంది. ఇతన్ని ఇకపై పోలింగ్ పనులకు పిలవరాదు."

మణికుమార్ పాతికేళ్ళ సర్వీసులో అతని గురించి ఏ ప్రభుత్వమైనా కాగితం మీద పెట్టింది ఆ రెండు వాక్యాలే.