బొట్టు పెట్టిన డబ్బా

రాజశ్రీని చంపినవాడికి గుండె జబ్బు. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె తమ్ముడు, ఏజెంట్ అభినయ్‌కి కలిగింది జాలి కాదు.

వెల్లింగ్టన్ ఆఫీసులో చీఫ్ కిరణ్మయి బ్రీఫింగ్ మొదలుపెట్టింది. "మీ అక్క చేసిన జీన్ థెరపీ డోస్ ఒక్కటే ఉంది. మంచి జీన్‌ని వైరస్ తొడుగులో పెట్టి, నీరసించిన గుండెకు పంపే మందు. ఆక్లండ్ శివారు హాబ్సన్‌విల్‌లో శ్రావ్య అనే అమ్మాయి ప్రాణం దాని మీదే ఉంది. ల్యాబ్‌లో మేనేజర్‌గా నటించిన విదేశీ ముఠా మనిషి మధుసూదనరావు మీ అక్కని చంపి దాన్ని కాజేశాడు. తనే ఎక్కించుకుంటాడట."

"ఎక్కించుకుంటే?"

"జన్మకి ఒక్కసారే. తర్వాత ఒళ్లు ఆ తొడుగుని గుర్తుపట్టి తరిమేస్తుంది. డోస్ తెచ్చెయ్. పగలూ ప్రతీకారాలూ వద్దు."

"అలాగే మేడమ్," అని మర్యాదగా అబద్ధమాడాడు అభినయ్.

హార్బర్‌లో రావు యాట్ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అభినయ్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ఎక్కాడు. తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్‌తో నిరుపమ ఎదురొచ్చింది. పేరుకి రావు డాక్టర్, నిజానికి మన ఏజెంట్.

"గాలి తగ్గిందా?" కోడ్ అడిగాడు.

"తగ్గితే ఇది వెల్లింగ్టన్ కాదు."

ఫ్రీజర్‌లో ఒకేలాంటి రెండు డబ్బాలు. ఒకదానిలో మందు, రెండోదానిలో టెస్టింగ్ కోసం చేసిన ఉత్త తొడుగులు. మందు డబ్బా మూత మీద చిన్న కుంకుమ బొట్టు. కొత్త మిక్సీకైనా సరే, బొట్టు పెట్టందే అక్క చెయ్యి వేసేది కాదు. అభినయ్ కళ్లు మండాయి. ఆ బొట్టు తుడిచేశాడు. బ్యాగునిండా గాడ్జెట్లున్నా, పనికొచ్చింది నిరుపమ పర్సులోని కుంకుమ భరిణే. రెండో డబ్బాకి బొట్టు పెట్టాడు.

రావు ఆయాసపడుతూ వచ్చి డబ్బాలు చూసి నవ్వాడు.

"రాజశ్రీ అలవాటు నాకు తెలుసమ్మా. బొట్టున్నదే అసలుది. టెస్టులూ గిస్టులూ ఎందుకు, ఎక్కించెయ్. ఒరేయ్ మెకానిక్, ఆ రెండోది సముద్రంలో పారెయ్."

"అలాగే సార్." మందు డబ్బా అభినయ్ బ్యాగులోని డ్రై ఐస్‌లోకి చేరింది.

డ్రిప్ చివరి చుక్క దిగాక అభినయ్ టోపీ తీశాడు.

"నేను రాజశ్రీ తమ్ముణ్ణి. నీకెక్కింది ఉత్త తొడుగులే. ఇక అసలు మందు ఎక్కడ దొరికినా నీ ఒళ్లే దాన్ని గెంటేస్తుంది."

రావు గన్ కోసం తడుముకున్నాడు. అది నిరుపమ చేతిలో ఉంది. బయట పోలీసు బోటు యాట్‌కి అడ్డంగా వచ్చి ఆగింది.

"ఇంతకంటే చంపెయ్యరా," అన్నాడు రావు.

"మా అక్క కూడా బతకాలనుకుంది. నువ్వు బతుకు, ఆయాసపడుతూ."

ఆ సాయంత్రం ఆక్లండ్‌లో శ్రావ్యకి అసలు డ్రిప్ ఎక్కుతుండగా చీఫ్ ఫోన్ చేసింది.

"పగ వద్దన్నాను కదయ్యా?"

"పగేం లేదు మేడమ్," అన్నాడు అభినయ్. "బొట్టు పెట్టానంతే."